బీరు వ్యాపారి కొడుకు వేసిన శక్తి పద్దు

ఫిజిక్సు పాఠాలు చెప్పినన్నాళ్ళూ నాకో చిరాకు ఉండేది. శక్తిని పుట్టించలేం, నాశనం చెయ్యలేం, రూపం మాత్రం మార్చగలం అనే వాక్యాన్ని మన పుస్తకాలు ఆకాశవాణి పలికినట్టు అచ్చేస్తాయి. పిల్లలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి రెండు మార్కులు పుచ్చుకుంటారు. ఆ మాట ఏ ఊళ్ళో, ఎవరి అవసరం కొద్దీ పుట్టిందో ఒక్క ముక్క ఉండదు. పుట్టింది డబ్బు లెక్కల్లోంచి. గనుల్లో నీళ్ళు తోడించే యజమానులు, బొగ్గు ఖర్చు చూసి బెంగపడ్డ వ్యాపారులు, బ్రూవరీల్లో థర్మామీటరు పట్టుకుని నిలబడ్డ మనుషులు రాసుకున్న పద్దులే తర్వాత సూత్రాలయ్యాయి.

ముందు నీళ్ళ సంగతి. ఇంగ్లండు నైరుతి కొసన కార్న్‌వాల్ అనే ప్రాంతం ఉంది. రాగి, తగరం గనులకు పేరు. గని లోతుకు వెళ్ళేకొద్దీ ఊట ఎక్కువవుతుంది, రాత్రీ పగలూ తోడకపోతే గని మునుగుతుంది. తోడటానికి ఆవిరి యంత్రం కావాలి, దానికి బొగ్గు కావాలి. కార్న్‌వాల్‌లో బొగ్గు లేదు, వేల్స్ నుంచి ఓడల్లో తెచ్చుకోవాలి. ఈ ఇబ్బందే జేమ్స్ వాట్‌కూ, ఆయన భాగస్వామి బౌల్టన్‌కూ వ్యాపారమైంది. పాత న్యూకొమెన్ యంత్రంతో పోలిస్తే మా యంత్రం ఎంత బొగ్గు మిగులుస్తుందో చూడండి, ఆ మిగులులో మూడో వంతు మాకివ్వండి అన్నారు. మిగులు తేలాలంటే పనిని కొలవాలి. ఎన్ని పౌన్ల నీరు, ఎన్ని అడుగుల ఎత్తుకు? మోట తోలిన మన రైతుకు ఇది కొత్త లెక్కేమీ కాదు, ఎన్ని బానల నీళ్ళు ఎంత లోతు నుంచి వచ్చాయో చూసే కదా ఎడ్ల సత్తా చెప్పేవాడు. వాట్ ఈ లెక్కతోనే గుర్రపు బలాన్నీ కట్టాడు: నిమిషానికి 33,000 అడుగు-పౌన్లు. నీ దగ్గరున్న ఇన్ని గుర్రాల పని నా యంత్రం ఒక్కటే చేస్తుందని కొనేవాడికి చెప్పడానికి.

1800లో వాట్ పేటెంటు గడువు తీరింది. కార్న్‌వాల్ యజమానులు హమ్మయ్య అనుకున్నారు కానీ, అడిగేవాడు లేక యంత్రాల పనితనం దిగజారింది. అప్పుడు 1811లో జోయెల్ లీన్ అనే ఆయన నెలనెలా ఒక పట్టిక వెయ్యడం మొదలుపెట్టాడు. ఏ గని యంత్రం ఒక బుషెల్ బొగ్గుకు ఎన్ని లక్షల పౌన్ల నీటిని అడుగెత్తుకు లేపిందో అందులో ఉండేది. ఇంజనీర్ల మధ్య పోటీ రగిలింది. భౌతికశాస్త్రంలో 'పని' అని మనం బల్లగుద్ది చెప్పే రాశి, బలం ఇంటూ స్థానభ్రంశం, ఫ్రాన్సులో కొరియోలిస్ 1829లో దానికో పేరు పెట్టకముందే ఈ పట్టికల్లో నెలనెలా అచ్చవుతోంది.

బ్రూవరీలూ వెనకబడి లేవు. మాల్ట్ దంచే రాళ్ళను తిప్పడానికి గుర్రాలను మేపుతున్న లండన్ వ్యాపారి విట్‌బ్రెడ్ 1785లో వాట్ యంత్రం కొని పెట్టాడు. 1787లో మూడో జార్జి రాజు స్వయంగా వచ్చి చూసివెళ్ళాడట. ఆ యంత్రం ఇప్పటికీ ఉంది, సిడ్నీ మ్యూజియంలో.

ఇక వేడి సంగతి. మ్యూనిక్‌లో రంఫర్డ్ అనే ఆయన ఫిరంగి గొట్టాలకు బెజ్జాలు వేయిస్తూ, గుర్రాలు తిప్పే మొద్దుబారిన బరమాతో రెండున్నర గంటల్లో నీళ్ళు మరిగించిన సంగతి మన పుస్తకాల్లోనూ ఉంది. 1798 నాటి మాట. వేడి అనేది వస్తువుల్లో దాగివుండే ద్రవమైతే, రుద్దుతున్నంతసేపూ తరగకుండా ఎక్కడి నుంచి వస్తోంది అని ఆయన అడిగాడు. పుస్తకాలు వదిలేసిన వాక్యం ఒకటుంది. ఇలా వేడి పుట్టించుకోవడం దండగ, ఆ గుర్రాలు తినే మేతను తగలబెడితే ఇంతకన్నా ఎక్కువ వేడి వస్తుంది అని కూడా ఆయన రాశాడు. గుర్రం మేత, దాని కష్టం, నీటి వేడి మూడూ ఒకే పద్దులోకి వస్తాయన్న అనుమానం అక్కడుంది. అంకె లేదు. మేత ఎంతకు కష్టమెంత, కష్టమెంతకు వేడి ఎంత?

అంకె తేలాలంటే థర్మామీటరును నమ్మే మనిషి కావాలి. పద్దెనిమిదో శతాబ్దంలో అలాంటివాళ్ళు యూనివర్సిటీల్లో కన్నా బ్రూవరీల్లో ఎక్కువ దొరికేవారని నా అభిప్రాయం. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని దంచి వేడినీళ్ళలో నానబెడతారు. నీళ్ళు మరీ వేడైతే గింజలోని పిండి చక్కెరగా మారదు, చల్లబడితే మారేది చాలదు. నాలుగైదు డిగ్రీల తేడాకు తొట్టెడు సరుకు పాడవుతుంది, దాని మీద కట్టిన పన్ను తిరిగిరాదు. పాతకాలం వాళ్ళు నీటిలో వేలుపెట్టి చూసేవారు, ఆవిరి తేరుకుని నీటిలో ముఖం కనబడే అదను కోసం ఆగేవారు. హాంప్‌షైర్‌లో జేమ్స్ బేవర్‌స్టాక్ అనే కుర్రవాడు థర్మామీటరు వాడదామంటే తండ్రి ఒప్పుకోక, దొంగచాటుగా వాడేవాడని కథ. అతనే సాంద్రత కొలిచే హైడ్రోమీటరు పట్టుకుని విట్‌బ్రెడ్ దగ్గరికి వెళ్తే, ఇంటికి పోయి నీ వ్యాపారం చూసుకో నాయనా అని పంపేశాడు. ఇంకో తరం గడిచేసరికి థర్మామీటరు లేని బ్రూవరీ లేదు.

అలాంటి ఒక బ్రూవరీ పక్కింట్లోనే, మాంచెస్టర్‌ను ఆనుకున్న సాల్‌ఫర్డ్‌లో, 1818 డిసెంబరు 24న జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ పుట్టాడు. తండ్రి ఆ బ్రూవరీ యజమాని, సంపన్నుడు. పిల్లవాడికి వెన్నులో బలహీనత, బడికి పంపకుండా ఇంట్లోనే చదివించారు. తర్వాత అన్నదమ్ములిద్దరినీ జాన్ డాల్టన్ దగ్గరికి పంపారు, పరమాణు సిద్ధాంతం డాల్టన్ దగ్గరికే. ఆ మహానుభావుడు అణువుల ఊసెత్తకుండా ముందు అంకగణితం, యూక్లిడ్ రేఖాగణితం రుద్దాడు. రసాయనం మొదలైన కొద్ది కాలానికే, 1837లో, ఆయనకు పక్షవాతం వచ్చింది, చదువు ఆగిపోయింది. డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు. బ్రూవరీ పని ఉంది. పొద్దునా సాయంత్రమూ తన సొంత ప్రయోగాలు.

కుర్రతనంలో జౌల్‌కు పట్టిన పిచ్చి విద్యుత్తు మోటారు. అప్పట్లో యూరప్ అంతటా ఆ జ్వరం ఉంది. 1838లో యాకోబీ అనే ఆయన పీటర్స్‌బర్గ్‌లో నేవా నది మీద బ్యాటరీతో పడవ నడిపాడు. పంతొమ్మిదేళ్ళ జౌల్ ఆలోచన సూటిగా ఉంది: బ్రూవరీలో ఆవిరి యంత్రం తీసేసి మోటారు పెడితే? కొన్నేళ్ళు తలమునకలుగా శ్రమించి, చివరికి వ్యాపారి కొడుకులా కూర్చుని లెక్క వేశాడు. బ్యాటరీలో జింకు తరిగిపోతుంది, అదే దాని బొగ్గు. గ్రోవ్ బ్యాటరీలో ఒక పౌను జింకు ఖర్చయితే 3,31,400 పౌన్లను ఒక అడుగెత్తు లేపవచ్చు. మంచి కార్న్‌వాల్ యంత్రం ఒక పౌను బొగ్గుతో 15,00,000 పౌన్లను లేపుతోంది. జింకు ధరేమో బొగ్గు కన్నా ఎన్నో రెట్లు. 1841లో మాంచెస్టర్‌లో ఉపన్యాసమిస్తూ ఈ సంగతి దాచకుండా చెప్పేశాడు.

వేరేవాళ్ళయితే ఇంకో కల వెతుక్కునేవారు. జౌల్ మాత్రం ఆ లెక్కను వదల్లేదు. జింకు ఖర్చయింది, పని అంత రాలేదు, తక్కింది ఎటు పోయింది? తీగలు వేడెక్కడం కంటిముందే ఉంది. ఆ వేడి నిరోధానికీ, విద్యుత్ ప్రవాహపు వర్గానికీ అనులోమంగా ఉంటుందని 1840 నాటికే కనుక్కున్నాడు, ఇంటర్ పిల్లలకు అదే జౌల్ నియమం. ఇప్పుడు బ్యాటరీ తీసేసి, చేత్తో తిప్పే యంత్రంతో విద్యుత్తు పుట్టించి, నీళ్ళలో ముంచిన తీగచుట్ట ఎంత వేడెక్కుతుందో చూశాడు. తిప్పడానికి పడిపోయే బరువులు వాడాడు. అలా ఒక పద్దు దొరికింది: ఒక పౌను నీరు ఒక ఫారన్‌హీట్ డిగ్రీ వేడెక్కాలంటే 838 అడుగు-పౌన్ల పని. 1843లో ఐర్లండులోని కార్క్ నగరంలో, బ్రిటిష్ అసోసియేషన్ సభలో చదివాడు. ఎవరూ పట్టించుకోలేదు.

పనీ వేడీ ఒకే పద్దులోవన్న మాటను జర్మనీ వైద్యుడు మేయర్ అప్పటికే అనేశాడు. 1840లో డచ్చి ఓడలో జావా వెళ్ళి, సురబయలో నావికుల రక్తం తీస్తుంటే అది మామూలు కన్నా ఎర్రగా కనిపించింది. ఉష్ణదేశంలో ఒంటివేడి నిలుపుకోవడానికి తిండి తక్కువ మండితే చాలు కాబట్టి అనుకుని, అక్కడి నుంచి తీగ లాగి 1842లో వ్యాసం అచ్చు వేశాడు. ముందు చూపు మేయర్‌దే, ఆ గౌరవం ఆయనకు చాలా ఆలస్యంగా దక్కింది. కానీ అప్పటికే జనం ఎరిగిన వాయువుల లెక్కల్లోంచి ఆయన తన అంకె తీశాడు. జౌల్ తన చేత్తో తీశాడు. ప్రయోగశాలలో బతికిన దాన్ని కాబట్టి నా పక్షపాతం ఎటో చెప్పనక్కర్లేదు.

మా కాలేజీ ల్యాబులో దీన్ని చూపించడానికి ఒక అట్టగొట్టం ఉండేది. మీటరు పొడవు, లోపల సీసపు గుళ్ళు, రెండు వైపులా బిరడాలు. నిలబెట్టి తిరగేస్తే గుళ్ళు పైనుంచి కిందికి దభాలున పడతాయి. పడేటప్పుడు స్థితిశక్తి గతిశక్తి అవుతుంది. పడి ఆగిపోయాక? ఒక అమ్మాయి అదే అడిగింది, "కదలిక ఆగిపోయింది కదా మేడమ్, ఇంక శక్తెక్కడుంది?" అని. జవాబు చెప్పలేదు, గొట్టం చేతికిచ్చి వందసార్లు తిరగెయ్యమన్నాను. లెక్క ప్రకారం సీసం ఏడు డిగ్రీల పైచిలుకు వేడెక్కాలి. అంత రాదు, గొట్టమూ గాలీ కొంత తినేస్తాయి. అయినా థర్మామీటరు లేచింది, అమ్మాయి చెయ్యి నొప్పి పుట్టింది. ఇదే నీళ్ళతో చేస్తే ఏమీ కనిపించదు. సీసం కన్నా నీటికి ముప్పై రెట్లకు పైగా వేడి పోస్తే గాని అంత డిగ్రీ కదలదు. జౌల్ ఎంచుకున్నది ఆ మొండి నీళ్ళనే.

1849లో చేసి 1850లో అచ్చువేసిన ఆ ప్రయోగాన్ని పుస్తకాల్లో బొమ్మవేసి రెండు ముక్కల్లో ముగిస్తారు. దాని అసలు రుచి వివరాల్లో ఉంది. రాగి పాత్రలో సుమారు ఆరుకిలోల నీరు. మధ్యలో ఇత్తడి ఇరుసుకు తెడ్లు, పాత్ర గోడలకు అడ్డంగా కదలని రెక్కలు, నీరు తెడ్లతో పాటు గిర్రున తిరిగిపోకుండా. ఇరుసుకు చుట్టిన తాళ్ళు రెండు వైపులా కప్పీల మీదుగా వెళ్ళి, ఒక్కొక్కటీ దాదాపు 13 కిలోల సీసపు దిమ్మలను మోస్తాయి. దిమ్మలు మీటరున్నర పైగా మెల్లగా దిగుతాయి, తెడ్లు నీటిని చిలుకుతాయి. దిమ్మలను మళ్ళీ పైకి చుట్టాలి. ఇలా ఇరవైసార్లు, 35 నిమిషాలు. ఇంతా చేస్తే నీరు వేడెక్కేది ఫారన్‌హీట్‌లో అర డిగ్రీకి కాస్త పైన. మన సెంటీగ్రేడులో 0.3.

ఆ అర డిగ్రీని డిగ్రీలో 200వ వంతు దాకా చదివాడు జౌల్. మాంచెస్టర్‌లో పరికరాలు చేసే జాన్ బెంజమిన్ డాన్సర్‌తో కూర్చుని, గాజుగొట్టం బోలు ఎక్కడ లావో ఎక్కడ సన్నమో చూసి గీతలు కొట్టించుకున్న థర్మామీటర్లవి. పని పెట్టుకున్న చోటు పెద్ద నేలమాళిగ, అక్కడ రోజంతా ఒకే చల్లదనం. తన ఒంటి వేడి తగలకుండా పాత్రకూ తనకూ మధ్య చెక్క తెర నిలబెట్టాడు. తెడ్లు తిప్పకుండా అంతే సేపు నీటిని ఊరికే ఉంచి, గది వల్ల ఎంత మారిందో విడిగా రాసుకుని తీసేశాడు. కప్పీల ఘర్షణ తీసేశాడు. దిమ్మ నేల తాకేటప్పుడు మిగిలిన కాస్త వేగం నీటికి చేరని గతిశక్తి కదా, దాన్నీ తీసేశాడు. నీటి బదులు పాదరసం, ఆ తర్వాత పోత ఇనుప బిళ్ళలు ఒకదానికొకటి రాపిడి పెట్టి చూశాడు. ఇనుము రాచుకుంటే కీచుమంటుంది. ఆ చప్పుడుగా పోయే శక్తి ఎంతో తెలియడానికి సెల్లో వాద్యం తీగ మోగించి పోల్చుకున్నాడు. కిరాణా కొట్టు పద్దులో నయాపైసా వదలని మనిషి ఇలాగే ఉంటాడు.

నీటితో 772.692. పాదరసంతో 774.083. ఇనుముతో 774.987. మొత్తానికి 772 అడుగు-పౌన్లని తేల్చాడు. మన మాటల్లో, ఒక కిలో నీరు ఒక సెంటీగ్రేడు డిగ్రీ వేడెక్కాలంటే ఆ కిలోనే దాదాపు 424 మీటర్లు ఎత్తినంత పని. ఇవాళ్టి విలువ 427. నేలమాళిగలో తాళ్ళు చుట్టిన మనిషికి ఒక శాతం లోపు తేడా!

1990ల్లో జర్మనీలో హైన్జ్ ఓటో సీబుమ్ అనే చరిత్రకారుడు అదే పరికరాన్ని మళ్ళీ తయారుచేయించి ప్రయోగం చేసిచూశాడు. దిమ్మలు చుట్టే మనిషి చెమటతోనే గది వేడెక్కి లెక్క చెడిపోయింది. వ్యాసంలో రాయని నేర్పు చాలా ఉందనీ, అది బ్రూవరీలో పెరిగినవాడి నేర్పనీ ఆయన వాదించాడు. నాకది నిజమే అనిపిస్తుంది.

ఈ ఖచ్చితత్వమే జౌల్‌కు మొదట్లో శత్రువైంది. డిగ్రీలో వందో వంతులు చూపించి ఇంత పెద్ద మాట నిలబెడతాడా అని శాస్త్రవేత్తలు పెదవి విరిచారు. 1847లో ఆక్స్‌ఫర్డ్ సభలో అధ్యక్షుడు వ్యాసం మొత్తం చదవొద్దు, క్లుప్తంగా చెప్పి ముగించమన్నాడు. సభలో ఇరవై మూడేళ్ళు నిండబోతున్న విలియం థామ్సన్ ఉన్నాడు, తర్వాత కెల్విన్ ప్రభువైన ఆయనే. ఆ కుర్రవాడు లేచి ప్రశ్నలు వెయ్యబట్టే నా మాటకు ప్రాణం వచ్చిందని జౌల్ ముసలితనంలో రాశాడు. నేను లేవలేదు, ఇది తప్పని లేచి అందామనుకుని, వింటూ వింటూ మెత్తబడి, అయ్యాక వెళ్ళి మాట్లాడానని థామ్సన్ రాశాడు. ఎవరి జ్ఞాపకం వారిది.

ఆ ఆగస్టులో జౌల్‌కు అమీలియా గ్రైమ్స్‌తో పెళ్ళయింది. కొత్త దంపతులు ఆల్ప్స్ కొండలకు వెళ్ళారు. అక్కడ దారిలో తారసపడ్డ జౌల్ చేతిలో పొడవాటి థర్మామీటరు ఉందనీ, బండిలో భార్య వస్తోందనీ, జలపాతం పైనా కిందా నీటి వేడిలో తేడా చూడబోతున్నానన్నాడనీ థామ్సన్ తర్వాత చెప్పాడు. అప్పుడే తండ్రికి రాసిన ఉత్తరంలో జౌల్‌ను కలిసిన మాట ఉంది, థర్మామీటరు ఊసు లేదు. కథకు కాస్త తాలింపు పడి ఉంటుంది. జలపాతం ఆలోచన మాత్రం అంతకు రెండేళ్ళ ముందు జౌల్ అచ్చులో పెట్టిందే: 160 అడుగులు దూకే నయాగరా నీరు అడుగున ఫారన్‌హీట్ డిగ్రీలో అయిదో వంతు వేడెక్కాలని. మా వైపు పిల్లలకు నేను ఎత్తిపోతల చెప్పేదాన్ని. 70 అడుగులకు సెంటీగ్రేడులో 0.05. ఎవరైనా కొలవబోతే తుంపర్ల ఆవిరి ఆ కాస్తనూ ఎత్తుకుపోతుంది. ఆల్ప్స్‌లో సలాంచ్ జలపాతం దగ్గర వాళ్ళిద్దరికీ ఎదురైంది కూడా తుంపరే.

1854లో అమీలియా పోయింది, పురిటి బిడ్డా పోయాడు. బ్రూవరీని అదే ఏడు అమ్మేశారు. అంతవరకూ థామ్సన్‌తో కలిసి చేసిన వాయువుల ప్రయోగాలకు బ్రూవరీ ఆవిరి యంత్రమే గాలి పంపులు నడిపింది. చివరి రోజుల్లో ఆస్తి కరిగిపోయి ప్రభుత్వం ఏడాదికి 200 పౌన్ల పింఛను ఇచ్చింది. 1878లో ఇంకోసారి అదే ప్రయోగం చేసి 772.55 అన్నాడు. 1889 అక్టోబరులో కన్నుమూస్తే, మాంచెస్టర్ దగ్గర సేల్ ఊరి శ్మశానంలో సమాధి రాయి మీద ఆ అంకె చెక్కారు. నేనెరిగినంతలో ప్రయోగ ఫలితం చెక్కిన సమాధులు తక్కువే. అదే ఊళ్ళో ఆయన పేరు మీద ఒక పబ్బు ఉంది, బీరు వంశానికి తగిన స్మారకం. శక్తి ప్రమాణానికి ఆయన పేరు పెట్టడం కూడా ఆ 1889లోనే, పారిస్‌లో జరిగిన విద్యుత్ కాంగ్రెస్‌లో.

1850 నాటి వ్యాసం గురించి ఒకటి మిగిలింది. ఫారడే చేతుల మీదుగా అది రాయల్ సొసైటీకి వెళ్ళింది. అచ్చులో చివర రెండు నిర్ణయాలున్నాయి: రాపిడి వల్ల పుట్టే వేడి ఎప్పుడూ ఖర్చయిన బలానికి అనులోమంగా ఉంటుంది, నీటికి అది 772. జౌల్ రాసి పంపినవి మూడు. రాపిడి అంటేనే యాంత్రిక శక్తి వేడిగా మారడం అన్నది మూడోది. వ్యాసాన్ని పరిశీలించిన కమిటీ దాన్ని తీసెయ్యమంది. కొలత ఒప్పుకున్నారు, అర్థం ఒప్పుకోలేదు. జౌల్ అప్పుడు మాట్లాడకుండా తీసేశాడు. 1884లో లండన్ ఫిజికల్ సొసైటీ ఆయన వ్యాసాలన్నీ కలిపి సంపుటంగా వేసినప్పుడు, ఆ పేజీ అడుగున ఒక చిన్న గమనిక పెట్టించాడు: ఇక్కడ మూడో నిర్ణయం ఒకటి ఉండేదనీ, అందులో ఏముందో, ఎవరి కోరిక మీద తీసేశాడో.